దించిన తల

మా సంఘంలో ఎవరిని అడిగినా చెబుతారు, ప్రతాప్ పెద్దయ్యంత తగ్గింపు ఉన్న మనిషి లేడని. ఆ ప్రతాప్‌ని నేనే. గౌడవెల్లి మందిరంలో ముందు వరసలో సంఘపెద్దలకు ఎర్ర మెత్తల కుర్చీలు ఐదు ఉంటాయి. నాలుగింట్లో నలుగురు కూర్చుంటారు. ఐదోది నాది, అది ఖాళీగా ఉంటుంది. నేను కింద చాప మీద కూర్చుంటాను. కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఖాళీ కుర్చీ ఎవరిదని అడుగుతారు, పక్కవాళ్లు నన్ను చూపిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆ చూపించడం కోసమే మోకాళ్ల నొప్పులు ఓర్చుకుని కింద కూర్చుంటున్నానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడూ నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాను. నా కింద నలభై మంది ఉండేవాళ్లు. ఒకరితో మాట పడటం నాకు అలవాటు లేదు. మందిరంలోనూ నా మాటకు ఎదురు లేదు, కాకపోతే ఇక్కడ ఆ మాట మెల్లగా, కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఫ్యాక్టరీలో అరిస్తే జరిగే పని మందిరంలో గొంతు తగ్గిస్తే జరుగుతుంది. ఈ కిటుకు నాకు తొందరగానే పట్టుబడింది.

నర్సమ్మ మా మందిరం ఊడ్చేది, చాపలు పరిచేది. నెలకొక ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గ్లాసులో ద్రాక్షరసం, ప్రభువు శరీరానికీ రక్తానికీ గుర్తుగా సంఘమంతా తీసుకుంటుంది. ఆ రసం తీసే పని కూడా నర్సమ్మదే. శామీర్‌పేట చుట్టూ ద్రాక్ష తోటలున్న కాలంలో, ఇప్పుడు వెంచర్ల బోర్డులు పాతిన ఆ నేలల్లోనే, పందిళ్ల కింద వంగి వంగి గుత్తులు కోసిన మనిషి ఆమె. పుట్టిల్లు అలియాబాద్. తోటలు కౌలుకు పట్టే బాబా మియా దగ్గర పద్దెనిమిదేళ్లు కూలికి పోయింది. తోటలు పోయాక బాబా మియా గౌడవెల్లిలో ఇల్లు కట్టుకున్నాడు, నర్సమ్మ ఇంటికి ఆనుకునే. నర్సమ్మకు పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. బాబా మియా భార్య జహేదాయే ఆమెకు చెల్లెలు, కూతురు, అన్నీ.

శుక్రవారం నల్ల కిస్మిస్ కడిగి నానబెట్టేది. శనివారం మరిగించి, తెల్లబట్టలో పిండి, చల్లార్చి గాజుసీసాలో పోసేది. ఆదివారం గ్లాసుల్లో పోసేముందు ఒక చెంచాడు నోట్లో వేసుకుని చూసేది. తోటల్లో ఆరితేరిన నాలుక, అది తప్పు చెప్పేది కాదు. ఆమె ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి సీసా జహేదా ఫ్రిజ్‌లో ఉండేది. ఏళ్ల తరబడి మా బల్ల మీది రసం ఒక ముసల్మాను ఇంట్లో కూర గిన్నెల పక్కన చల్లబడి వచ్చింది. దానివల్ల ఎవరి విశ్వాసమూ చెడలేదు.

నాకు తెలిసిన రోజున మాత్రం చెడ్డట్టు అనిపించింది. ఒక ఆదివారం పొద్దున నర్సమ్మ జహేదా గడప దిగుతూ సీసాతో నాకు ఎదురైంది. అప్పుడేమీ అనలేదు. కమిటీలో లేచి, గొంతు తగ్గించి, ప్రభువు రక్తానికి గుర్తయినది చేపల పులుసు పక్కన పెట్టడం మనకు తగునా అని అడిగాను. అందరూ తలలూపారు. అప్పటికప్పుడు నియమం పెట్టాను. సీసా మందిరంలో ఇనుప బీరువాలో ఉండాలి, ప్రార్థన చేసి పెట్టాలి, తాళంచెవి సంఘపెద్ద దగ్గర ఉండాలి. సంఘపెద్దలు ఐదుగురైనా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఎవరూ అడగలేదు.

నర్సమ్మ ఒక్కతే అడిగింది. “పెద్దయ్యా, ఎండలు మండుతున్నయ్. గా బీరువ పొయ్యి లెక్క కాల్తది. రసం ఆగది.”

“ప్రార్థన జేసి పెడ్తున్నం గద నర్సమ్మా. నీకు విశ్వాసం లేదా ఏంది?”

విశ్వాసం లేదా అని అడిగితే మా వాళ్లెవరూ మళ్లీ నోరెత్తరు. ఆ ప్రశ్న నాకు చాలాసార్లు పనికొచ్చింది.

రెండేళ్ల కిందటి ఏప్రిల్‌లో బల్లకు అల్వాల్ నుంచి ఒక పెద్ద పాస్టరుగారిని పిలిచాం. ఆ మొదటి ఆదివారం ఆయనకు వీలుకాక, బల్లను వచ్చే ఆదివారానికి జరిపాం. అప్పటికే రసం తీసి, ప్రార్థన చేసి, బీరువాలో పెట్టేశాను. బుధవారం నర్సమ్మ మా ఇంటికొచ్చింది. “తాళం ఇయ్యి పెద్దయ్యా. అది పారబోసి కొత్తది జేస్త,” అంది. ప్రార్థన చేసినదాన్ని మోరీలో పారబోస్తావా అని కసురుకున్నాను. ఆమె చెప్పింది సబబే అని ఆ క్షణంలోనే నాకు తెలుసు. కానీ నియమం నాది. మందిరం ఊడ్చే మనిషి వచ్చి దాన్ని తప్పంటే, అవును తప్పేనని తాళంచెవి తీసి ఇవ్వడానికి నా చెయ్యి జేబులోకి పోలేదు.

ఆదివారం పొద్దున సీసా మూత తీయగానే బుస్సుమంది. నర్సమ్మ చెంచాడు నోట్లో వేసుకుని మొహం చిట్లించింది. “పులిసింది పెద్దయ్యా, కల్లు లెక్కైంది. నీ కాళ్లు మొక్కుత, పొయ్యకు. జహేదా ఇంట్ల కిస్మిస్ ఉన్నది, గంటల జేస్కొస్త.” నేను నమ్మలేదనుకుందేమో, నా కళ్లముందే ఇంకో చెంచాడు మింగి చూపించింది. బయట పాస్టరుగారి కారు ఆగిన చప్పుడైంది. “నువ్వు నాకు బల్ల సంగతి నేర్పుతవా?” అని సీసా ఆమె చేతిలోంచి లాక్కుని గ్లాసుల్లో నేనే పోశాను.

నూట ఇరవై మంది ఒక్కసారి గ్లాసు ఎత్తి తాగారు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, ఎవరో పొలమారి దగ్గారు. పాస్టరుగారు గ్లాసు వాసన చూసి బల్ల మీద పెట్టారు. “ఇది ఎవరు తయారు చేశారు?” అని మైకులోనే అడిగారు.

అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి. ‘నేను బీరువాలో పెట్టాను, చెప్పినా వినలేదు’ అంటే అయిపోయేది. రెండు ముక్కలు. వాటికి బదులు నా నోట్లోంచి, “నర్సమ్మ అయ్యగారూ,” అని వచ్చింది. అంతవరకూ అయితే నిజమే కదా అని సర్దుకునేవాణ్ణేమో. కానీ నేను ఆగలేదు. “చెప్పడానికి బాధగా ఉన్నది. పొద్దున్నే ఆమె నోరు వాసనొచ్చింది,” అన్నాను.

నర్సమ్మ బాప్తిస్మం తీసుకోకముందు కల్లు తాగేది. ఆ సంగతి దాచకుండా ఆమే సాక్ష్యంలో సంఘమంతటికీ చెప్పుకుంది. అది అందరికీ ఒక్కసారి గుర్తొచ్చింది. పాత అలవాటు మళ్లీ పట్టుకుందన్నమాట, బల్లకు తీసే రసంతోనే మొదలెట్టిందన్నమాట, అని మొహాల్లో కనపడింది.

చివరి వరసలోంచి నర్సమ్మ లేచి నిలబడింది. “నేను తాగలే అయ్యా. పెద్దయ్యనడుగుండ్రి. పెద్దయ్యకు ఎర్కే.”

నేను తల దించుకున్నాను. మాట్లాడలేదు, కాదనలేదు, అవుననలేదు. మెల్లగా, చాలా బాధపడుతున్నవాడిలా దించుకున్నాను. ఒక పేదరాలిని నలుగురిలో బయటపెట్టడం ఇష్టంలేక పెద్దయ్య మౌనంగా ఉన్నాడని అందరూ అనుకున్నారు. నోటితో ఆడే అబద్ధానికి ఎదురు ప్రశ్న ఉంటుంది. దించుకున్న తలను ఎవరూ ప్రశ్నించలేదు.

ఆ సాయంత్రమే కమిటీ కూర్చుని నర్సమ్మను బల్లకు దూరం పెట్టింది. మా సంఘంలో అదే పెద్ద శిక్ష. మందిరానికి రావచ్చు, పాటలు పాడవచ్చు, బల్ల మాత్రం ముట్టకూడదు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకునేదాకా అంతే. అలా దూరంగా ఉండి పోయినవాళ్లకు గంట కొట్టరు, మా సమాధుల తోటలో చోటివ్వరు. కమిటీ ముగింపు ప్రార్థన నన్నే చేయమన్నారు, చేశాను. కన్నీళ్లు కూడా వచ్చాయి.

నర్సమ్మ సంఘం మారుస్తుందనుకున్నాను. మేడ్చల్‌లో మందిరాలకేం తక్కువ? కానీ మరుసటి ఆదివారం ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చి చివరి వరసలో కూర్చుంది. ఊడ్చే పని తీసేశాం, రసం కొట్టు నుంచి సీసాల్లో తెప్పిస్తున్నాం. గ్లాసుల పళ్లెం పట్టుకుని వరసలన్నీ తిరిగేది నేనే. ఆమె దగ్గరికి వచ్చేసరికి పళ్లెం కొంచెం పైకెత్తి, ఆమె తల మీదుగా పక్కావిడకు అందించేవాణ్ణి. ప్రతిసారీ ఆమె తలెత్తి నా మొహంలోకి చూసేది. కోపంగా చూసి ఉంటే నాకు సుఖంగా ఉండేది. ‘ఇవ్వాళన్న జెప్తవా?’ అన్నట్టు చూసేది. అలా ఇరవై మూడు సార్లు.

మీరనుకోవచ్చు, వీడికి మనసనేది లేదా అని. ఉంది. అది నన్ను తినేసేది. నా భార్య మంచం పట్టిన ఐదు నెలలూ ఆమెకు ఒళ్లు తుడిచింది, దుప్పట్లు ఉతికింది నర్సమ్మే. ఇవన్నీ గుర్తొచ్చినప్పుడు నేను సాక్ష్యం చెప్పుకునే సమయంలో లేచి, నాకంటే పాపి ఈ ఊళ్లో లేడని ఏడ్చేవాణ్ణి. జనం నాతోపాటు ఏడ్చేవాళ్లు. బయటికొచ్చాక చేతులు పట్టుకుని, ‘మీరే పాపైతే మేమేం గావాలె పెద్దయ్యా’ అనేవాళ్లు. పాపినని చెప్పుకుంటే ఇంత గౌరవం వస్తుందని తెలిశాక ఎవడు మానుకుంటాడు? ఫలానా ఆదివారం, ఫలానా మనిషి మీద, ఫలానా అబద్ధం ఆడానని మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. అది చెబితే చేతులు ఎవరూ పట్టుకోరు.

ఈ మార్చిలో నర్సమ్మ కడుపులో గడ్డ తేలింది. ఆసుపత్రిలో చూసి, ఇగ ఇంటికి తీసుకుపొమ్మన్నారు. తాగుడు వల్లేనని మా వాళ్లు చెవులు కొరుక్కున్నారు. అదీ విన్నాను, ఊరుకున్నాను.

ఒక గురువారం పొద్దున జహేదా మా గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

“ప్రతాప్ భాయ్, అక్కకు మీ బల్ల గావాల్నంట. పోయే లోపట ఒక్కపాలి. నాకు మీ రివాజులు తెల్వవు. గానీ గా రసం ఎట్ల ఖరాబైందో నాకు తెల్సు, నీకు తెల్సు. ఎండకాలం ఎనిమిది దినాలు బీరువల బెట్టినవ్. నేను బయటిదాన్ని, నేను జెప్తే మీవోళ్లు ఇనరు. నువ్వు జెప్పాలె.”

ఆమె వెళ్లాక మా పాస్టరు నవీన్ అయ్యగారికి ఫోన్ చేశాను. వయసు ముప్పై దాటదు, నా మాటంటే గురి. నర్సమ్మను మళ్లీ బల్లకు చేర్చుకునే దారేమైనా ఉందా అని అడిగాను. “ఆమె సంఘం ముందు ఒప్పుకోవాలి. లేదంటే ఆ రోజు ఆమె మీద చెప్పిన మీరు లేచి ఒక మాట చెప్పాలి. మీరు చెబితే ఇంకెవరు కాదంటారు పెద్దయ్యగారూ?” అన్నాడు.

మధ్యాహ్నం నర్సమ్మ ఇంటికి వెళ్లాను. మంచంలో పిడికెడు మనిషై ఉంది. జహేదా తలవైపు కూర్చుని విసురుతోంది. నేను ఎవరూ అడగకుండానే ఒక ఉపాయం చెప్పాను, అయ్యగారికి కూడా తెలియకుండా నేనే రొట్టె, రసం ఇంటికి తెచ్చి ఇస్తానని.

నర్సమ్మ తల అడ్డంగా ఊపింది. “దొంగతనంగ ఎందుకు పెద్దయ్యా? నేను దొంగనా?”

“పోనీ, తప్పయిందని ఒక్క మాట అను. అయ్యగారు రాస్కుంటడు, అయిపోతది.”

“అబద్ధం జెప్పి బల్ల ముట్టాల్నా? గంతకంటె ముట్టకనే పోత.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “నీ మీద నాకేం లేదు. అందరి ముంగట పోయిన మాట, అందరి ముంగటనే రావాలె. గంతే. చర్చి మైకు మా ఇంటిదాంక ఇనబడ్తది. నువ్వు జెప్పుతే నేను ఈన్నే పండుకోని ఇంట.”

“జెప్త నర్సమ్మా. ఈ ఆదివారం బల్ల ఉన్నది. ప్రభువు సాక్షిగ జెప్త,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాలో మోసం లేదు. ఇంటికొచ్చి ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకున్నాను. రసం పులిసిందని నర్సమ్మ నాకు ముందే చెప్పింది. నేను వినలేదు. ఆమె తాగలేదు. నేను అబద్ధమాడాను. నాలుగో వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది, కానీ రాశాను. చొక్కా జేబులో పెట్టుకున్నాను. మూడు రోజులు ఒళ్లు తేలికైనట్టు తిరిగాను.

ఆదివారం పాటలయ్యాక నవీన్ అయ్యగారు, పెద్దయ్య ఒక మాట చెబుతారని మైకు నాకిచ్చాడు. మందిరం నిండుగా ఉంది. గేటు దగ్గర జహేదా కనపడింది. నల్ల బురఖాలో, దాని చాటున ఏదో పట్టుకుని, లోపలికి రాకుండా నిలబడి ఉంది. నా చేతిలో కాగితం ఉంది. “నర్సమ్మ సంగతి మీకందరికీ తెలుసు,” అని మొదలుపెట్టాను.

అప్పుడు రెండో వరసలో ఒక కొత్త కుటుంబం కంటబడింది. హైవే పక్క కొత్తగా లేచిన అపార్టుమెంట్ల వాళ్లు. ఆ ఇంటావిడ ఖాళీగా ఉన్న ఎర్ర కుర్చీని చూసి పక్కావిడను ఏదో అడిగింది. పక్కావిడ నన్ను చూపించి ఆమె చెవిలో ఏదో చెప్పింది. కొత్తావిడ నా వైపు భక్తిగా చూసింది.

అంతే. అంతకుమించి ఏమీ జరగలేదు. గొంతులో ఏదో అడ్డుపడిందనో, కళ్లు చీకట్లు కమ్మాయనో చెబితే బాగుండును. అలాంటిదేమీ లేదు. కాగితం మడిచి జేబులో పెట్టి, గొంతు తగ్గించి, “నర్సమ్మ చావుబతుకుల్లో ఉంది. రెండేళ్లుగా ఆమె విషయం నా గుండెల మీద ఉంది. ఆమె ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. నేను ఆమెను క్షమించాను. ఆమె తప్పుకు నాదీ పూచీ అనుకోండి. ఆమెను మళ్లీ బల్లకు చేర్చుకోమని సంఘాన్ని చేతులు జోడించి అడుగుతున్నాను,” అన్నాను. తల దించుకున్నాను.

మందిరం అంతా స్తోత్రం స్తోత్రం అని మారుమోగింది. ఆడవాళ్లు ఏడ్చారు. నవీన్ అయ్యగారు దిగొచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. తలెత్తి చూస్తే గేటు దగ్గర జహేదా లేదు.

ఆరాధన కాగానే రొట్టె, గ్లాసు పట్టుకుని పదిమందిమి నర్సమ్మ ఇంటికి పాటలు పాడుకుంటూ వెళ్లాం. పళ్లెం నా చేతిలోనే ఉంది. రెండు గల్లీలు దాటడానికి ఎంతసేపు? నాకు మాత్రం ఆ ఇల్లు రాకపోతే బాగుండుననిపించింది.

నర్సమ్మ కళ్లు తెరిచే ఉంది. తల దువ్వి ఉంది, మందిరానికి కట్టే తెల్లచీర కట్టి ఉంది. జహేదా గోడవైపు తిరిగి నిలబడింది. నవీన్ అయ్యగారు మంచం పక్కన కూర్చుని, “నర్సమ్మా, సంతోష వార్త. పెద్దయ్యగారు నిన్ను క్షమించారు. సంఘం నిన్ను చేర్చుకుంది,” అన్నాడు.

“మైకుల ఇన్న అయ్యగారూ.” ఆమె చూపు నా మీదికి వచ్చింది. “నన్ను మాఫ్ జేసినవా పెద్దయ్యా?”

పదిమంది ఉన్నారు. ఇప్పటికైనా చెప్పొచ్చు. చొక్కా జేబులో కాగితం అలాగే ఉంది. నేను తల దించుకున్నాను.

ఆమె అందరి ముందు నన్ను ఇంకొక్క మాట అడిగి ఉంటే నా బతుకు అక్కడే తేలిపోయేది. అడగలేదు. ఆమె ఇంక అడగదని అర్థమయ్యాక నాకు ప్రాణం లేచి వచ్చింది. దానికంటే నీచమైన సంతోషం నా జన్మలో ఎరగను.

“ఒద్దు అయ్యగారూ,” అంది నర్సమ్మ. “నాకొద్దు. తీస్కపోండ్రి.”

నీరసం వల్ల మింగలేకపోతోందని అయ్యగారు అనుకున్నాడు. పెదవులకు అద్దినా చాలు పెద్దయ్యగారూ అన్నాడు. నేను గ్లాసులో వేలు ముంచి ఆమె పెదవుల మీద అద్దాను. నర్సమ్మ చెయ్యి మెల్లగా లేచింది. ఆ చెయ్యి కొంగు వెతుక్కుని, పెదవుల మీదికి తెచ్చుకుని, ఆ తడి తుడిచేసింది. దానికి ఆమెకు చాలాసేపు పట్టింది, మేమంతా చూస్తూ నిలబడ్డాం. తర్వాత, “పెద్దయ్య కోసం ప్రార్థన జేయుండ్రి అయ్యగారూ,” అని కళ్లు మూసుకుంది. ఇంత బాధలోనూ తన మేలు కోరినవాణ్ణి మరచిపోలేదని మావాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

మంగళవారం పొద్దున పోయింది. మందిరం గంట కొట్టించాం. సమాధుల తోటలో, నా భార్య సమాధికి రెండు వరసల అవతల చోటిచ్చాం. నవీన్ అయ్యగారు మాట్లాడుతూ నర్సమ్మ గురించి నాలుగు మాటలు, క్షమించే గుణం గురించి అరగంట చెప్పాడు. అందులో నా పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టలేదు. నిజం చెప్పాలంటే, మొదట్లో లెక్కపెట్టాను.

అందరూ వెళ్లాక గేటు దగ్గర జహేదా ఎదురైంది. బురఖా చాటునుంచి ఒక గాజుసీసా తీసింది. నిండా నల్లని రసం, సీసా చుట్టూ చల్లని చెమట.

“గురువారం నువ్వు ఒచ్చిపోయినంక కిస్మిస్ నానబెట్టమన్నది అక్క. మంచంలకెళ్లి జెప్పుకుంట జేపిచ్చింది. పిండినంక చెంచతోని నాల్క మీద ఏపిచ్చుకోని జూసింది. మస్తుగుంది అన్నది. ‘ఆదివారం పెద్దయ్య నిజం జెప్తడు, జెప్పినంక లోపలికి వట్కపొయ్యి ఇయ్యి, గివ్వాళ బల్లకు నా రసమే పొయ్యాలె’ అన్నది. గేటు కాడ నిలబడ్డ. నువ్వు జెప్పింది ఇన్న. వాపస్ తీస్కపోయిన.” సీసా నా చేతిలో పెట్టింది. “నా ఫ్రిజ్లనే ఉండె. పులవలే. నువ్వే ఉంచుకో.”

నన్ను తిడుతుందేమోనని కాసేపు నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

ఒంటి మీద ఆదివారంనాటి చొక్కానే ఉంది, ఇంటికొచ్చి విప్పి నానబెట్టాను. కాగితం తీయడం మరచిపోయాను. పిండేటప్పుడు ముక్కలు ముక్కలుగా చేతికొచ్చింది. సీసా ఎక్కడ పెట్టాలో తోచలేదు. పారబోయడానికి చేతులు రాలేదు, తాగడానికి నాకేం హక్కుంది? చివరికి ఫ్రిజ్ తెరిచి, నిన్నటి చేపల పులుసు గిన్నె పక్కకు జరిపి అక్కడ పెట్టాను. పెట్టాక ఫ్రిజ్ తలుపు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎవరూ చూడకుండా ఏడవడం ఎన్నో ఏళ్ల తర్వాత అదే మొదటిసారి.

ఫోన్ మోగింది. నవీన్ అయ్యగారు. “పెద్దయ్యగారూ, వచ్చే నెల శామీర్‌పేటలో ఉజ్జీవ కూటాలు. పది సంఘాలు వస్తున్నాయి. రెండో రోజు అంశం దీనమనస్సు. మీరు తప్ప దాని మీద ఎవరు మాట్లాడగలరని అందరూ మీ పేరే అన్నారు.”

కళ్లు తుడుచుకున్నాను. ఇప్పుడు చెప్పేయొచ్చు, ఫోన్లో ఒక్కడే ఉన్నాడు, మొహం కూడా కనపడదు అనుకున్నాను.

“నేనెంతటివాణ్ణి అయ్యగారూ,” అన్నాను.

తర్వాత, ఎన్ని గంటలకు అని అడిగాను.